పేరు మార్చి రాశాను

అమెరికాలో క్రైస్తవ పరిచర్యలో ఇంటర్న్‌గా చేరాలంటే ముందు ఉత్తరం రాయడం నేర్చుకోవాలి. జీతం ఉండదు, ఉన్నా చేతిఖర్చులకు సరిపోయేంత. గది అద్దె, తిండి, బస్సు పాసు, వీటికయ్యే డబ్బు ఎవరికి వాళ్ళే కూడగట్టుకోవాలి. చుట్టాలకు, చర్చివాళ్ళకు, చిన్నప్పుడు లెక్కలు చెప్పిన ట్యూషన్ మాస్టారికి, గుర్తొచ్చిన ప్రతివాళ్ళకూ ఉత్తరం వెళ్ళాలి. ‘సపోర్ట్ లెటర్’ అంటారు దాన్ని. చేరాక కూడా నెలకొకటి రాస్తూనే ఉండాలి. దేవుడు ఇక్కడ ఏం చేస్తున్నాడు, పిల్లలు ఎలా ఉన్నారు, ప్రార్థన అంశాలేమిటి, అన్నిటికన్నా అడుగున కానుకలు పంపాల్సిన చిరునామా.

నాకు ఆ ఉత్తరాలు బాగా వచ్చేవి. ఎనిమిదో తరగతి దాకా గుంటూరులో చదివి, నర్సుగా పనిచేసే అమ్మతో పెన్సిల్వేనియా వచ్చినదాన్ని. సండే స్కూల్లో క్రిస్మస్‌కి ఏ నాటకం వేసినా ఏడవాల్సిన పాత్ర నాకే ఇచ్చేవాళ్ళు. ఆ విద్య ఊరికే పోలేదు. డిగ్రీ అయ్యాక, 2015 వేసవిలో, ఫిలడెల్ఫియాలోని కెన్సింగ్టన్ అనే పేటలో పిల్లల పరిచర్యకు ఏడాది ఇంటర్న్‌గా చేరాను. ఆ సంస్థ పేరు చెప్పను. వాళ్ళు నన్ను రాయమన్నారు గానీ ఏం రాయాలో చెప్పలేదు.

కెన్సింగ్టన్ ఒకప్పుడు మిల్లుల పేట. లేసులు, తివాచీలు, మేజోళ్ళు ఇక్కడ నేసేవాళ్ళు. స్టెట్సన్ టోపీలు ఈ చుట్టుపక్కల నుంచే ప్రపంచమంతా వెళ్ళాయి. మిల్లుల పక్కనే కూలీల ఇళ్ళు, గోడకు గోడ ఆనించి కట్టిన ఇరుకు ఇటుక ఇళ్ళు. వాకిలి అంటూ ఉండదు, మూడు మెట్లు దిగితే వీధే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిల్లులు కొన్ని వేరే రాష్ట్రాలకు తరలిపోయాయి, కొన్ని మూతపడ్డాయి. స్టెట్సన్ ఫ్యాక్టరీ 1971లో మూసేశారు. 1950లో 20 లక్షలు దాటిన నగర జనాభా 2000 నాటికి 15 లక్షలకు దిగింది. కెన్సింగ్టన్ అవెన్యూ నెత్తి మీద ఇనప స్తంభాల పైన ‘ఎల్’ అనే రైలు పోతుంటుంది. కింద కబుర్లు చెప్పుకునేవాళ్ళు రైలొస్తే మాట మధ్యలో ఆగి, అది పోగానే ఆపిన ముక్క దగ్గర నుంచే మళ్ళీ మొదలుపెడతారు. నేను మాత్రం ప్రతిసారీ ఏం చెబుతున్నానో మర్చిపోయేదాన్ని.

టీవీవాళ్ళకు ఈ పేట అంటే మత్తుమందులు, సూదులు. అవీ ఉన్నాయి. మెక్‌ఫర్సన్ స్క్వేర్ లైబ్రరీలో పిల్లలకు కథలు చదివి వినిపించే లైబ్రేరియన్లే, మత్తు ఎక్కువై బయట పచ్చికలో పడిపోయినవాళ్ళకు ఊపిరి తెప్పించే మందు ఇవ్వడం నేర్చుకున్నారని 2017లో పేపర్ల నిండా వచ్చింది. ఆ లైబ్రరీకే మేం పిల్లల్ని వరసకట్టి తీసుకెళ్ళేవాళ్ళం. వాళ్ళకది డైనోసార్ పుస్తకాలుండే చోటు, ఎండాకాలంలో చల్లగా ఉండే చోటు.

మా అమ్మకు ఫిలడెల్ఫియా అంటే వేరే లెక్క. 1842లో గుంటూరు వచ్చిన హయ్యర్ దొరగారిని పంపింది పెన్సిల్వేనియా లూథరన్లు. ఆసుపత్రి పెట్టిన డాక్టర్ అన్నా కుగ్లర్ పుట్టింది ఫిలడెల్ఫియా పక్కనున్న ఆర్డ్‌మోర్‌లో. 1883లో గుంటూరు వచ్చిన ఆవిడ 1930లో అక్కడే కన్నుమూసింది. ఆ ఆసుపత్రి నీడన పెరిగిన మా అమ్మ, ‘‘వాళ్ళు మనకు చేసింది నువ్వు వాళ్ళ పిల్లలకు చెయ్యి’’ అంది. బాకీ తీర్చడానికి వెళ్తున్నట్టే వెళ్ళాను. అంటే ఇచ్చేది నేను, పుచ్చుకునేది వాళ్ళు. ఆ పేటలో ఇదివరకే చర్చిలున్నాయా, ప్రార్థన చేసేవాళ్ళున్నారా అన్న ఆలోచనే రాలేదు. బానిసత్వం నుంచి విడుదల కొనుక్కున్న రిచర్డ్ అలెన్ 1794లో మదర్ బెతెల్ చర్చి పెట్టిన ఊరు అది. మా వేసవి క్యాంపు జరిగే వీధి మూలనే, మూతపడ్డ అంగడిలో ఓ చర్చి. దాని ఎదురుగా స్పానిష్ పెంతెకొస్తు చర్చి. రోజూ వాటి ముందు నుంచే నడిచి వెళ్ళి, ‘ఈ చీకటి పేటలో’ అని ఉత్తరం మొదలుపెట్టేదాన్ని.

క్యాంపు ఓ పాత చర్చి నేలమాళిగలో. పొద్దున్నే పాటలు, తర్వాత చదువు, మధ్యాహ్నం భోజనం, ఆటలు, మళ్ళీ చదువు. వేసవి సెలవుల్లో చదవడం ఆపేస్తే బడి తెరిచేసరికి నేర్చుకున్నదాంట్లో కొంత జారిపోతుంది కాబట్టి చదువు మీదే పట్టు. ఇది ఈ ఊరికి కొత్త కాదు. పేదపిల్లలకు అక్షరాలు నేర్పే సండే స్కూళ్ళు ఫిలడెల్ఫియాలో పద్దెనిమిదో శతాబ్దం చివర్లోనే ఉన్నాయి. 1824లో అమెరికన్ సండే స్కూల్ యూనియన్ పుట్టిందీ ఇక్కడే. నేను మూడు, నాలుగు తరగతుల గుంపుకు టీచర్ని. పిల్లలు మమ్మల్నందర్నీ ‘మిస్’ అనేవాళ్ళు. పోర్టోరికో పిల్లలు నన్ను చూడగానే స్పానిష్ అందుకునేవాళ్ళు, నాకు రాదని తెలిశాక మోసపోయినట్టు మొహం పెట్టేవాళ్ళు. గుంటూరులో నేర్చుకున్న సండే స్కూలు పాటొకటి చేతులాడిస్తూ నేర్పాను. రెండు రోజులకల్లా బల్లల మీద దరువేసి దాన్ని తమ పాట చేసుకున్నారు. మా పాత సండే స్కూలు టీచరమ్మ వింటే కళ్ళు తిరిగేవి.

చేరకముందు మూడు క్లియరెన్సులు తెచ్చుకోవాలి. పెన్సిల్వేనియాలో పిల్లలతో పనిచేసేవాళ్ళకు చట్టమది, 2014 చివర్లో ఇంకా గట్టిచేశారు. రాష్ట్ర పోలీసుల దగ్గర నేరచరిత్ర పత్రం ఒకటి, పిల్లల్ని వేధించినవాళ్ళ జాబితాలో పేరు లేదన్న పత్రం ఇంకొకటి, ఎఫ్‌బీఐకి వేలిముద్రలు. పిల్లతో ఒంటరిగా గదిలో ఉండకూడదు, కార్లో ఎక్కించుకోకూడదు, ఒళ్ళో కూర్చోబెట్టుకోకూడదు. రెండు రోజులు కూర్చోబెట్టి ఇవన్నీ చెప్పారు. పిల్ల ఒంటిని కాపాడడానికి ఇన్ని కాగితాలు. పిల్ల చెప్పిన మాటను కాపాడడానికి ఒక్కటీ లేదు. ఫొటో తీసుకోవచ్చని పెద్దవాళ్ళ సంతకం మాత్రం ఉండేది. చేర్పించే రోజు, ఎలర్జీ ఫారానికీ ఫోన్ నెంబర్ల ఫారానికీ మధ్యలో.

మా గుంపులో తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతె. జడలన్నిటికీ చివర్న ఎర్రపూసలు, పసుప్పూసలు. తల తిప్పితే గలగలమనేవి. చదవడానికి భయపడేది, లెక్కలకు మాత్రం అందరికన్నా ముందు చెయ్యెత్తేది. ప్రభుత్వం డబ్బిచ్చే వేసవి భోజనానికి ఒక నియమం ఉంది, తిండి అక్కడే కూర్చుని తినాలి, ఇంటికి పట్టుకెళ్ళకూడదు. వద్దనుకున్న సీలు విప్పని పాలడబ్బా, జున్నుకడ్డీ లాంటివి ఓ బల్ల మీద పెడితే, ఇంకా ఆకలున్న పిల్లలు తీసుకోవచ్చు. ఈ పిల్ల రోజూ ఆ బల్ల దగ్గరికి వెళ్ళేది. పాలడబ్బాలు రెండు, జున్నుకడ్డీ ఒకటి, చుట్టూ చూసి సంచిలో వేసుకునేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. నియమం చెప్పి ఆపనందుకు లోపల్లోపల నా దయకు నేనే మురిసిపోయేదాన్ని కూడా.

ఒకరోజు బొమ్మలకు రంగులేస్తుంటే, వాళ్ళమ్మ గురించి ఒక సంగతి చెప్పింది. తల ఎత్తకుండా, రంగు గీత దాటకుండా చూసుకుంటూ చెప్పింది.

ఆ నెల ఉత్తరం నేను రాసినవాటిలోకెల్లా గొప్పది. ఇంట్లో తిండి లేక పాలడబ్బాలు దాచుకెళ్ళే చిన్నారి అని రాశాను. వాళ్ళమ్మ సంగతి రాశాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేసిందని రాశాను. అది నిజమే, కాకపోతే క్యాంపులో పిల్లలందరూ చేతులు పట్టుకునే ప్రార్థన చేస్తారు. కింద చిన్నక్షరాల్లో ‘పేరు మార్చాం’ అని పెట్టాను. ఫొటో మొహం కనబడకుండా వెనక నుంచి తీసింది. వంగి పుస్తకం చదువుతున్న పిల్ల, వీపంతా ఎర్రపూసలు, పసుప్పూసలు.

ఇది రాసేముందు ఆ పిల్లను అడిగాను. ఇప్పుడు పిల్ల కాదు, ఓటుహక్కున్న మనిషి. పూసల సంగతి రాయొచ్చంది, పాలడబ్బాలు తప్పకుండా రాయమంది. వాళ్ళమ్మ సంగతి వద్దంది. కాబట్టి అదేమిటో ఇక్కడ ఉండదు. కెన్సింగ్టన్ అని చెప్పాను కాబట్టి మీరీపాటికి ఏదో ఒకటి ఊహించుకునే ఉంటారు. అప్పట్లో నా ఉత్తరం చదివినవాళ్ళకు అలా ఊహించుకునే శ్రమ కూడా లేకుండా చేశాను.

ఆ ఉత్తరం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ వెళ్ళింది. తెలుగుది శివార్లలో మా తెలుగు సహవాసానికి, గుంటూరులో చుట్టాలకు. సహవాసంలో ఆదివారం కూడికలో నన్ను నిలబెట్టి చదివించారు. ముందు వరసలో అమ్మగారు కొంగుతో కళ్ళొత్తుకున్నారు. కానుకల పళ్ళెం రెండోసారి తిప్పారు. కూడిక అయ్యాక బిర్యానీ దగ్గర ఒక్కొక్కరే వచ్చి, దేవుడు నిన్ను బలంగా వాడుకుంటున్నాడమ్మా అన్నారు. మన కూడికల్లో సాక్ష్యం చెప్పడం తెలిసిందే. గతం ఎంత చీకటైతే సాక్ష్యానికి అంత బరువు. తాగుబోతుగా ఉన్నానని, అన్నదమ్ముణ్ణి కోర్టుకీడ్చానని, మనిషి తన గురించి తానే నిలబడి చెబుతాడు, తలదించుకునేదీ అతనే. ఆ రోజు నేను చెప్పింది తొమ్మిదేళ్ళ పిల్ల సాక్ష్యం. మైకు నా చేతిలో ఉంది, తల దించుకోవాల్సిన పని నాకు లేదు.

మా డైరెక్టరుకు ఆ ఉత్తరం ఎంత నచ్చిందంటే, కొద్దిగా కుదించి వేసవి న్యూస్‌లెటర్‌లో మొదటి పేజీలో వేశారు. నేను ఎగిరి గంతేశాను. దాతలకు పంపేది పంపి, మిగిలిన న్యూస్‌లెటర్లు క్యాంపు ముగింపు రాత్రి గుమ్మం దగ్గర బల్ల మీద దొంతరగా పెట్టారు. ఎవరు పెట్టారో అడగలేదు. నేనే పెట్టి ఉండొచ్చు. ఆ రాత్రి వచ్చింది దాతలు కాదు, పిల్లల తల్లులు, నాయనమ్మలు, మేనత్తలు. నిమ్మరసంతో పాటు తలా ఒకటి తీసుకున్నారు. పేరు మార్చిన సంగతి ఆ పేటలో ఎవరికీ పట్టలేదు. ఆ పూసలు కట్టిందే వాళ్ళ మేనత్త.

రెండ్రోజుల తర్వాత ఆ పిల్ల నాయనమ్మ కబురుపెట్టింది. నేను అంతకుముందు ఆవిడింట్లో ఒక ఆదివారం భోంచేశాను. వేయించిన చేప, మాకరోనీ, ఉల్లికారం వేసి తింటే మనదే అనిపించే ఆకుకూర. నెల మొదటి ఆదివారం, ఆవిడ చర్చి నుంచి నిలువెల్లా తెల్లబట్టల్లో వచ్చింది. మా ఊళ్ళో ప్రభువు బల్ల ఉన్న రోజు అమ్మమ్మలు తెల్లచీరలు కట్టుకుంటారని చెబితే, ‘‘మరింకేం, మనం ఒకే ఇంటివాళ్ళం’’ అంది.

ఈసారి లోపలికి రమ్మనలేదు. మెట్ల మీద కూర్చుని ఉంది, కళ్ళజోడు ముక్కు మీద, కాగితం నాలుగు మడతలు పెట్టి ఒళ్ళో. నేను నిలబడే ఉన్నాను.

‘‘మా ఇంట్లో తిండి లేదని ఎవరు చెప్పారమ్మాయ్ నీకు?’’

పాలడబ్బాల సంగతి చెప్పాను. ఆవిడ లేచి, ఇంట్లోంచి నడిపించి వెనక పెరట్లోకి తీసుకెళ్ళింది. నడుస్తూ, చెయ్యెత్తు ఫ్రిజ్ తలుపు తెరిచి, మాటా పలుకూ లేకుండా మళ్ళీ మూసింది. పెరటి గోడ అవతల ఇల్లు కూలిపోయిన ఖాళీ స్థలం. గోడ పక్కన ఐస్‌క్రీం డబ్బాల మూతలు వరసగా, వాటిలో ఎండిన పాల చారలు. పాత టైరులో ఓ తల్లిపిల్లి, దాని చుట్టూ నాలుగో అయిదో కూనలు. పిల్లులకు పాలు పడవని పిల్లకు ఎన్నిసార్లు చెప్పినా వినదు, జున్నుకడ్డీలు మాత్రం బాగానే తింటాయి అంది. నాకు నవ్వు రాబోయింది. ఆవిడ మొహం చూసి మింగేశాను.

‘‘ఇది అబద్ధం. అబద్ధం ఒక్కటే రాసి ఉంటే నవ్వుకుని వదిలేసేదాన్ని. తెలియనివాళ్ళు మా గురించి ఏదో ఒకటి రాస్తూనే ఉంటారు. కానీ నువ్వు నిజం కూడా రాశావు. అది మా ఇంటి నిజం. దాన్ని ఎవరికి చెప్పుకోవాలో, అసలు చెప్పుకోవాలో వద్దో, ఆ పిల్ల పెద్దయ్యాక తేల్చుకోవాల్సింది. ఇప్పుడు తేల్చుకోవడానికి ఏం మిగిల్చావు?’’

పేరు మార్చానండీ అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుంటేనే సిగ్గేసింది. డబ్బంతా పిల్లల కోసమేగా అని కూడా అనబోయాను, దేవుడి దయవల్ల అనలేదు. క్షమించమని అడిగాను. క్షమిస్తాను, నాకు ఆజ్ఞ ఉంది అంది. ‘‘కానీ ఈ కాగితం ఎంతమందికి వెళ్ళిందో అంతమందికీ ఇంకో కాగితం వెళ్ళాలి.’’

ఆ శిక్ష కన్నా పెద్ద శిక్ష క్యాంపు తర్వాత మొదలైన సాయంత్రపు బడిలో పడింది. ఆ పిల్ల మానేయలేదు, వచ్చింది. లెక్కలు చేసేది. ఏదైనా చెప్పబోతూ ఆగి, ‘‘మిస్, ఇది రాస్తావా?’’ అనేది. మిగతా పిల్లలకు అదో ఆటైపోయింది. పన్ను ఊడిందని ఒకడు, కుక్క తప్పిపోయిందని ఒకతె, ‘‘రాయకు మిస్, రాయకు’’ అంటూ పరిగెత్తేవాళ్ళు. నవ్వుతూనే అనేవాళ్ళు. ఒకబ్బాయి మాత్రం, వాళ్ళన్న గురించి మా తోటి ఇంటర్న్‌కు ఏదో చెబుతూ నేను అటు రాగానే నోరు మూసుకున్నాడు. ఆ అబ్బాయికి అప్పుడు చెప్పుకోవడానికి మనిషి కావాల్సిన మాట వాస్తవం. ఆ మనిషి నేను కాకుండా పోయాను. పిల్లల దగ్గర పనిచేసేవాళ్ళకు చేతిలో ఉండే పనిముట్టు ఆ నమ్మకం ఒక్కటే.

సిగ్గుపడాల్సిన సంగతి ఇంకోటుంది. ఇలాంటి కాగితానికి అవతలి వైపున నిలబడ్డ మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. మా తాతయ్య మిషను హాస్టల్లో చదువుకున్నాడు. ఏ మిషనో, ఏ ఊరో ఇక్కడ అనవసరం. చదివించే అమెరికా దాతకు ఏడాదికోసారి ఉత్తరం రాయాలి. బోర్డు మీద వార్డెను రాసింది చూసి అందరూ ఎక్కించుకునేవాళ్ళు, పేరు ఒక్కటే ఎవరిది వాళ్ళది. ఫొటో తీసే రోజు తాతయ్యకు కొత్త చొక్కా ఉంది. మేనమామ కుట్టించింది. అది తీసేసి నిలబడమన్నారు. తాతయ్య ఆ చదువుతోనే హైస్కూలు హెడ్‌మాస్టరయ్యాడు, ఆ దాత పేరు ప్రతి క్రిస్మస్‌కీ ప్రార్థనలో ఎత్తేవాడు, చచ్చేదాకా ఎత్తాడు. కానీ కెమెరా ముందుకు మాత్రం చొక్కా గుండీలన్నీ, మెడదగ్గరది కూడా, పెట్టుకునే వచ్చేవాడు. మే నెలలో, గుంటూరులో. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. ఈ కథ నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. తెలిసీ ఆ పిల్ల చొక్కా విప్పించాను.

ఆ శీతాకాలం లైబ్రరీలో కూర్చుని దొరికింది చదివాను. లండన్‌లో వీధిపిల్లలకు ఆశ్రమాలు పెట్టిన థామస్ బర్నార్డో, పిల్లల ‘ముందు, తర్వాత’ ఫొటోలు కార్డులుగా వేసి అమ్మేవాడు. చిరుగుబట్టల్లో ఒకటి, శుభ్రంగా ఒకటి. ఉన్నదానికన్నా దీనంగా కనబడేలా పిల్లల్ని నిలబెట్టి తీయించాడని గొడవైంది. 1877లో మధ్యవర్తులు కూర్చుని విచారించి, అనాథలకు అతను చేసిన మేలును ఒప్పుకుంటూనే, ఆ ఫొటోల పద్ధతిని తప్పుపట్టారు. అంటే నేను కనిపెట్టానని మురిసిన విద్యకు అప్పటికే 140 ఏళ్ళు. అట్లాంటా పేదపేటలో దశాబ్దాలుగా ఉంటూ పనిచేసిన రాబర్ట్ లప్టన్ 2011లో అచ్చయిన తన పుస్తకంలో ఒక దృశ్యం రాశాడు. క్రిస్మస్‌కి దాతలు బొమ్మలు పట్టుకుని ఇళ్ళకొస్తే పిల్లలు గంతులేస్తారు, తల్లి మొహమాటంగా నవ్వుతుంది, తండ్రి చప్పుడు లేకుండా వెనక గుమ్మం నుంచి వెళ్ళిపోతాడు. లప్టన్ వాళ్ళు దాన్ని మార్చి దుకాణంలా పెట్టారు, వచ్చిన బొమ్మల్ని తక్కువ ధరకు తల్లిదండ్రులే కొనుక్కుని, చుట్టి, తమ చేత్తో పిల్లలకు ఇచ్చుకునేలా. ఇది చదివాక నాకు బొమ్మలు కాదు, ఉత్తరాలు గుర్తొచ్చాయి. మేం పంపే ప్రతి ఉత్తరంలోనూ పిల్ల ఉంటుంది, మేముంటాం, దేవుడుంటాడు. ఇంటి పెద్దలు మాత్రం ఎక్కడా ఉండరు. ఉంటే కథ నిలబడదు. ఫ్రిజ్ నిండా తిండి పెట్టుకున్న నాయనమ్మ ఉత్తరంలోకి వస్తే కానుకలెవరు పంపుతారు?

ఇంత చదివినా అసలు పని వాయిదా వేస్తూనే ఉన్నాను. రెండో ఉత్తరం రాయడానికి నాకు క్రిస్మస్ దాటింది. పిల్లుల సంగతి ఉన్నదున్నట్టు రాశాను. రెండో సంగతి నేను రాయకూడనిదని, చదివినవాళ్ళు దయచేసి మర్చిపొమ్మని, ఉత్తరం దాచుకుని ఉంటే చింపేయమని రాశాను. ముందు నాయనమ్మకు చదివి వినిపించాను. ‘‘నీ గురించి ఎక్కువైంది, మధ్య పేరా తీసెయ్’’ అంది. తీసేశాను. ఆ పేరాలో నేను ఎంత కుమిలిపోయానో ఉంది.

డైరెక్టరు అడ్డుచెప్పలేదు, సంతోషించనూ లేదు. అమెరికన్లలో కొందరు మర్యాదగా థాంక్స్ చెప్పారు. తెలుగు సహవాసంలో మాత్రం గడబిడైంది. అయ్యగారు ఫోన్ చేసి, ‘‘అమ్మా, నిజాయితీ మంచిదే, కానీ సంఘంలో కన్నీళ్ళతో ఇచ్చిన కానుకలు ఇవి, ఇప్పుడు పిల్లుల కోసం ఇచ్చామా అనుకుంటారు’’ అన్నారు. కోపంతో అన్నమాట కాదు, నిజంగా ఇబ్బందిలో పడ్డారు ఆయన. గుంటూరు నుంచి పెద్దమ్మ మాత్రం, ‘‘ఇంతకీ కూనలు బతికాయా?’’ అని అడిగింది. బతికాయి, ఒకదాన్ని నాయనమ్మే పెంచుకుంది.

ఆ ఏడాది మిగిలిన నెలలకు నా ఖర్చులకు డబ్బు సరిపోలేదు. అమ్మ రెండు నైట్ డ్యూటీలు ఎక్కువ చేసి సర్దింది. ఆవిడ బాకీ లెక్క ఇంకా తీరలేదన్నమాట.

నేనిప్పుడు ఆ పరిచర్యలో లేను. ఇదే ఊళ్ళో బడిలో పనిచేస్తాను, శనివారాలు ఇంకో చర్చివాళ్ళ చదువు కార్యక్రమానికి వెళ్తాను. అక్కడ కొత్తగా వచ్చే ఇంటర్న్‌ల ఉత్తరాలు పంపేముందు నేను చూస్తాను. మంచి పిల్లలే, అందరూ నాలాగే ఏడిపిస్తారు. ‘తండ్రి లేని’ అని ఉంటే, లేడని నీకెవరు చెప్పారు అని అడుగుతాను. సగంసార్లు తండ్రి రాత్రిపూట బస్సు నడుపుతుంటాడు, పొద్దున పడుకుంటాడు కాబట్టి దింపడానికి రాడు. ‘ఆకలితో’ అని ఉంటే పెరట్లోకి వెళ్ళి చూశావా అంటాను. వాళ్ళకు అర్థం కాదు. పోనీ అంతా నిజమే అనుకుందాం, ఈ ఉత్తరాన్ని ఆ పిల్ల నాయనమ్మ ముందు కూర్చుని పైకి చదవగలవా అంటాను. చదవగలిగితే పంపిస్తాం. దీనివల్ల మా ఉత్తరాలు చప్పబడిపోయాయి, ఒప్పుకోవాల్సిందే. మా క్యాంపు పిల్లలు ఎన్ని పుస్తకాలు చదివారు, వాటర్ ఐస్‌కి ఎంతైంది, బీమా ఎంత కట్టాం, ఏ తల్లులు వచ్చి వంటగదిలో సాయం చేశారు, ఇవే ఉంటాయి. సాయం చేసిన తల్లుల పేర్లు మాత్రం వాళ్ళనడిగి అసలు పేర్లే వేస్తాం.

పోయిన డిసెంబరులో తెలుగు సహవాసం కోశాధికారి ఫోన్ చేశారు. క్రిస్మస్ కానుక పంపుదామనుకుంటున్నారట, కూడికలో చదవడానికి పాత రోజుల్లో పంపినట్టు ఓ ఉత్తరం పంపమన్నారు. చప్పటిది పంపాను. గంటలో మళ్ళీ ఫోన్.

‘‘చూశానమ్మా. లెక్కలన్నీ బాగున్నాయి. ఇందులో పిల్లలేరి?’’

‘‘శనివారం పదింటికి వస్తారు బ్రదర్. మీరూ రండి, పక్కన కూర్చుని చదివిద్దురుగాని. ముందు మూడు క్లియరెన్సులు తెచ్చుకోవాలి.’’

కానుక వచ్చింది. ఆయన వేలిముద్రలు ఇంకా రాలేదు.